సెకండ్ లైఫ్‌లో హిజాబ్ చూసి తిడితే ఏం చేయాలి?

2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచంలో నా అవతార్‌కు, అంటే అక్కడ నా బదులు తిరిగే బొమ్మకు, నేను రోజూ వేసుకునే లేత ఆకుపచ్చ హిజాబే పెట్టాను. ఒక బీచ్‌లో అడుగుపెట్టి నిమిషం కాలేదు, ఒకడు ఎదురుగా వచ్చి "బాంబు ఎక్కడ దాచావు?" అని టైప్ చేశాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. కర్నూలులో మా ఇంట్లో కూర్చున్న నాకు చేతులు వణికాయి. అన్నది బొమ్మనే కదా అనుకోకండి, ఆ మాట తగిలింది నాకే.

టెన్షన్‌లో వెంటనే బయటికి వచ్చేయకండి, వాదనకూ దిగకండి. అతని పేరు, చాట్ రెండూ స్క్రీన్ మీద కనిపిస్తుండగానే హెల్ప్ మెనూలో రిపోర్ట్ అబ్యూజ్ నొక్కండి. స్క్రీన్‌షాట్ దానంతటదే జతవుతుంది. మతద్వేషానికి సరిపడే కేటగిరీ 'ఇంటాలరెన్స్'. వివరాల్లో "అవమానించాడు" అని రాస్తే చాలదు, అతనన్న మాటలు ఉన్నవున్నట్టు రాయండి. ఆ తర్వాతే బ్లాక్ చేయండి. ఆ స్థలం యజమానికీ మెసేజ్ పెట్టండి, అతన్ని అక్కడికి రాకుండా బ్యాన్ చేయగలరు.

హిజాబ్ తీసేస్తే గొడవే ఉండదని ఒక స్నేహితురాలు అంది. నేను తీయలేదు.

పక్కన ఉండి ఇలాంటిది చూస్తే "నువ్వన్నది తప్పు" అని ఒక్క లైన్ టైప్ చేయండి. ఆ రోజు నేను ఎదురుచూసింది దానికోసమే.