మ్యాచ్ అయినాక మూడు రోజులు: ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లని ఎట్ల చూసుకోవాల

మా అక్క కూతురు ఫుట్‌బాల్ ఆడతాది. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవాసంస్థ) గ్రౌండ్లు ఉండబట్టి పల్లెల్లో ఆడపిల్లలు బూట్లు కట్టుకుని బాల్ తన్నడం మనకిప్పుడు వింత కాదు, కానీ ఆడి ఇంటికొచ్చిన పిల్లని ఎట్ల చూసుకోవాలనేది మాత్రం శానా మందికి తెలీదు. రెండేండ్ల కింద ఒక టోర్నమెంట్లో ఓడిపోయినారని మర్నాడు పొద్దున్నే టీమంతా పది రౌండ్లు పరిగెత్తాల్సొచ్చింది, ఆ సాయంత్రమే మా పాపకి తొడ వెనకాల కండరం పట్టేసి మూడు వారాలు ఆటకి దూరమైంది. అప్పట్నుంచి చదివి, అడిగి, ఇంట్లో చేసి చూసినవి రాస్తాండా, అమ్మానాన్నలు, పీఈటీ సార్లు, మేడమ్‌లు ఒకసారి చదవండి.

పైస్థాయి ఆడోళ్ళ మ్యాచ్‌లో ఒక్కో ప్లేయర్ 90 నిమిషాల్లో దాదాపు 10 కిలోమీటర్లు తిరుగుతాది. గుండె సగటున దాని గరిష్ఠ వేగంలో 85 శాతం దగ్గర కొట్టుకుంటా ఉంటాది. మంచి స్ప్రింటర్లు గంటకి 30 కిలోమీటర్ల స్పీడు దాకా పోతారు, వింగుల్లో, అంటే గ్రౌండు పక్క అంచుల్లో ఆడేవాళ్ళకి ఈ స్ప్రింట్లు ఎక్కువ, గోల్ ముందు నడిమధ్య అడ్డుకునే సెంటర్ బ్యాక్‌లకి తక్కువ. కానీ కండరాన్ని ఎక్కువ దెబ్బతీసేది పరుగు ఒక్కటే కాదు, పరిగెత్తి పరిగెత్తి ఠక్కున ఆగడం, ఆగి తిరగడం, మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడలు లాగేది దాంతోనే.

విజిల్ కొట్టినాక మొదటి రెండు గంటలు శానా ముఖ్యం. మ్యాచ్‌కి ముందు ఒకసారి, అయినాక చెమట తుడుచుకుని ఒకసారి తూకం చూడండి, మన ఎండలకి కిలో తగ్గడం మామూలే, అట్ల కిలో తగ్గితే లీటరున్నర తాగించాల, అదీ గటగటా ఒకేసారి కాదు, కొన్ని గంటల్లో కొంచెం కొంచెంగా. ఉత్త నీళ్ళే కాకుండా ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి, లేదంటే లీటరు నీళ్ళకని రాసుండే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్ళలో కలిపి ఇవ్వండి, ఒక గ్లాసులో మాత్రం మొత్తం ప్యాకెట్ పోయొద్దు.

తిండి దగ్గరే మనోళ్ళు తప్పు చేస్తాండారు. ఆకలి లేదంటాది పాప, సరే రాత్రికి తింటాదిలే అని వదిలేస్తారు, అట్ల వదలొద్దు. కండరంలో దాచుకున్న పిండిపదార్థం మ్యాచ్‌లో శానావరకు ఖర్చయిపోయి ఉంటాది, నింపాలంటే మొదటి గంటల్లో కిలో బరువుకి గంటకి ఒక గ్రాము లెక్కన పడాల, అంటే 50 కిలోల పిల్లకి గంటకి రెండు అరటిపండ్లంత. మా ఇంట్లో అయితే గ్రౌండ్ దగ్గరే అరటిపండ్లు, ఇంటికి రాగానే ఒక పెద్ద ప్లేటు ఉగ్గాని, బజ్జీలు వద్దు, దాంతోపాటు ఉడకేసిన గుడ్లు మూడు. మూడు గుడ్లకి దాదాపు 18 గ్రాముల ప్రోటీన్ వస్తాది, గుడ్డు తినని ఇంట్లో పాలు, పప్పు, చెనిక్కాయలు కలిపి ఇవ్వండి. రాత్రికి సంగటి, పప్పు, ఏదైనా ఆకుకూర.

ఆకుకూర అన్నాను కదా, ఇది గట్టిగా చెప్పాల. నెలనెలా రక్తం పోయే పిల్లకి ఐరన్ తగ్గిపోతే ఎంత ట్రైనింగ్ ఇచ్చినా గసపోస్తానే ఉంటాది, సోమరితనం అని తిట్టకండి. హిమోగ్లోబిన్ టెస్ట్ చేపియ్యండి, పెద్దపిల్లలకి 12 కంటే తక్కువుంటే డాక్టర్‌కి చూపియ్యండి, అన్నంలో నిమ్మకాయ పిండండి, తిన్న వెంటనే టీ మాత్రం ఇవ్వొద్దు, అది ఐరన్ ఒంటికి పట్టనీయదు. పీరియడ్ తేదీలు ఫోన్‌లో రాసుకోమనండి, నెలలు నెలలు రాకపోతే తిండి చాలట్లేదని అర్థం కావొచ్చు, సిగ్గుపడి దాచే విషయం కాదిది.

ఆటయినాక ఐసు నీళ్ళలో కూర్చునే ఐస్ బాత్ లేదని బాధపడొద్దు, తొమ్మిది గంటల నిద్ర దానికంటే మేలు. నొప్పి మాత్ర వేసి ఆడిపియ్యడం మాత్రం వద్దు. మోకాల్లో టప్పుమని శబ్దం వచ్చి రెండు గంటల్లోపే వాచిందంటే పసుపు పట్టేసి కూర్చోవద్దు, ఎముకల డాక్టర్ దగ్గరికి పోండి, మోకాలి లిగమెంట్ తెగడం ఆడపిల్లల్లో మగపిల్లల కంటే రెండు మూడింతలు ఎక్కువ. ఫిఫా 11 ప్లస్ అని 20 నిమిషాల వార్మప్ ఉంది, వారానికి రెండు మూడుసార్లు చేపిస్తే దెబ్బలు బాగా తగ్గుతాయి, ఖర్చు ఏమీ లేదు.

ఇంక మర్నాడు. నడక, మెల్లగా సైకిల్, అంతే, అదీ మనసు తేలికపడడానికి, ఎందుకంటే 2008లో యూరప్ పైస్థాయి అమ్మాయిల మీద చేసిన స్టడీలో తేలిక వ్యాయామం వల్ల కండరం ముందుగా కోలుకోలేదు. అదే స్టడీలో స్ప్రింట్ స్పీడు 5 గంటల్లోనే తిరిగొచ్చింది, కానీ ఎగిరే శక్తి 69 గంటలైనా పూర్తిగా రాలేదు. అందుకే పాప పరిగెత్తుతాంది కదా అని మోసపోవద్దు. రెండోరోజు పాసింగ్, మూడోరోజు చూసి ఫుల్ ట్రైనింగ్. మ్యాచ్‌లో వేరేవాళ్ళ బదులు దిగి పది నిమిషాలే ఆడిన సబ్‌లకి ఈ రెస్ట్ అక్కర్లేదు, వాళ్ళని మర్నాడే పరిగెత్తించాల. రోజూ మ్యాచ్ ఉండే టోర్నమెంట్లలో అయితే 11 మందినే పట్టుకుని వేలాడకుండా పిల్లల్ని మార్చి మార్చి దింపండి.

మేము చేసేది ఒకటి చెప్తా. ఇంటి వెనక గోడకి పాప వేలికి సున్నం రాసుకుని నిలబడిన చోటనుంచే ఎగిరి తాకుతాది, బాగున్న రోజు పడిన గీత పక్కన బొగ్గుతో గుర్తు పెట్టుకున్నాం. మ్యాచ్ అయిన మూడోరోజు పొద్దున మూడుసార్లు ఎగరమంటా, మొన్న మూడుసార్లూ రెండు వేళ్ళు కిందే పడింది, స్ప్రింట్లు వద్దని మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పినా, ఆమె సరే అనింది, మర్నాడు గీత అందింది.