లేజర్‌తో సైట్ తీయించుకోవాలనుకుంటున్నారా? ముందు, తర్వాత చూసుకోవాల్సినవి

ఎండాకాలం సెలవులు దగ్గరపడుతున్నాయంటే హన్మకొండ, కాజీపేట వైపు కళ్ల పరీక్షకు వచ్చేవాళ్ల నోట ఒకటే మాట. "సార్, లేజర్ చేస్తే సైట్ పోతదంట గదా, ఈ సెలవుల్ల చేయించుకోవచ్చా?" పరీక్షలు రాసేసిన డిగ్రీ పిల్లలు, పెళ్లి కుదిరిన అమ్మాయిలు, పోలీస్ నోటిఫికేషన్ కోసం పొద్దున్నే గ్రౌండ్‌లో ఉరుకుతున్న కుర్రాళ్లు, అందరిదీ అదే ప్రశ్న. కళ్లు పరీక్ష చేయడమే నా పని కాబట్టి నిలబడ్డ చోటే అవుననో కాదనో చెప్పలేను. ఆపరేషన్ బల్ల మీద ఉండేది పావుగంట. దానికి ముందు జరిగే పరీక్షలు, తర్వాత గడిచే నెల రోజులు సరిగ్గా ఉంటేనే ఆ పావుగంట పనికొస్తుంది. మన దగ్గర దుమ్ము, ఎండ, మిర్చి ఘాటు కూడా లెక్కలోకి వస్తాయి.

లేజర్ చేసేదేమిటో ముందు తెలియాలి. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా పారదర్శకంగా ఉండే పొర పేరు కార్నియా. మైనస్ పవర్ ఉన్నవాళ్లలో దూరపు వస్తువు బొమ్మ కంటి వెనక తెరలాంటి రెటీనా దాకా రాకుండా దాని ముందే పడుతుంది. కార్నియా వంపును కాస్త చదును చేస్తే బొమ్మ రెటీనా మీదికి జరుగుతుంది. ఇందుకు వాడే ఎక్సైమర్ లేజర్ 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం. పక్కనున్న కణజాలాన్ని కాల్చకుండా పొరను మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లెక్కన తీసేస్తుంది. 1981లో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో ఈ గుణాన్ని గుర్తించిన ముగ్గురిలో ఒకరు మన దేశంలో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద మొదట ప్రయోగించి చూశారు.

పద్ధతులు ప్రధానంగా మూడు. లాసిక్‌లో కార్నియా పైపొరను మూతలా లేపి, కింద లేజర్ కొట్టి, మళ్లీ మూత వేస్తారు. పీఆర్‌కేలో మూత ఉండదు, పైన ఉండే సన్నటి పొరను తుడిచేసి నేరుగా లేజర్ కొడతారు. స్మైల్‌లో వేరే రకం లేజర్‌తో చిన్న గాటు పెట్టి లోపలి నుంచి పలుచని బిళ్లలాంటి ముక్క తీస్తారు. మూడింటిలోనూ ఒకటి మాత్రం మారదు: తీసేసిన మందం మళ్లీ పెరగదు. అందుకే ముందు చేసే పరీక్షల దగ్గర ఎవరు తొందరపెట్టినా వినొద్దంటాను.

లెక్క చూడండి. కార్నియా మధ్యలో సగటు మందం 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. లాసిక్‌లో మూతకే 110 దాకా పోతుంది. ఆపైన ఒక్కో పవర్‌కు సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు తీయాలి. మైనస్ 4 ఉన్నవాళ్లకు లేజర్ తీసేది 55 అనుకుంటే అడుగున 375 మిగులుతుంది, ఇబ్బంది లేదు. అదే కార్నియా మందం 490 ఉండి పవర్ మైనస్ 8 అయితే మూతకు 110, లేజర్‌కు మరో 110 పోయి మిగిలేది 270. కనీసం 250 మిగలాలన్నది పాత లెక్క. జాగ్రత్తగా ఉండే డాక్టర్లు 300 కంటే తగ్గనివ్వరు. కార్నియా మరీ పలుచబడితే కంటి లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బుతుంది, అప్పుడు అద్దాలు పెట్టినా చూపు సరిగ్గా రాదు. కాబట్టి "నా కార్నియా మందం ఎంత, ఆపరేషన్ తర్వాత ఎంత మిగులుతుంది" అని అడగండి. అది మీ హక్కు. అంకె చెప్పకుండా "మీకేం కాదమ్మా" అనేచోట చేయించుకోవద్దు.

మందం ఒక్కటే చాలదు, ఆకారం కూడా చూడాలి. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మాట్లాడుతున్నంతసేపూ పిడికిలి బిగించి వేళ్ల కణుపులతో కళ్లు నలుపుకుంటూనే ఉన్నాడు. చిన్నప్పటి నుంచి దుమ్ముకు కళ్లు దురదట. అద్దాలు మార్చిన ప్రతిసారీ సిలిండర్ పవర్ (కార్నియా వంపు అన్నివైపులా సమంగా లేనప్పుడు వచ్చేది) పెరుగుతోంది. కార్నియా పటం తీయిస్తే కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చగా, సమంగా ఉండాల్సిన చోట కిందివైపు ఎర్రటి మచ్చ కనబడింది. కెరటోకోనస్, అంటే కార్నియా శంఖులా ముందుకు పొడుచుకురావడం. వాడికి లేజర్ చేసి ఉంటే చూపు ఇంకా పోయేది. దాన్ని అక్కడికి ఆపడానికి క్రాస్ లింకింగ్ అనే చికిత్స వేరే ఉంది, దానికి పంపాం. దురద కళ్ల పిల్లలున్న ఇళ్లలో ఈ మాట గుర్తుపెట్టుకోండి: కళ్లు నలుపుకునే అలవాటు మానకుండా లేజర్ మాట ఎత్తొద్దు.

ఈ పరీక్షలకు వెళ్లే ముందు కాంటాక్ట్ లెన్సులు ఆపాలి. మెత్తటివైతే కనీసం వారం, రెండు వారాలైతే మరీ మంచిది. గట్టివైతే మూడు నాలుగు వారాలు. లెన్సు కార్నియాను నొక్కి ఆకారం మారుస్తుంది, అలా కొలిచిన పవర్ తప్పుతుంది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా కూడా చూడాలి. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లలో రెటీనా అంచులు పలుచబడి రంధ్రాలుండవచ్చు, ఉంటే అవసరమైనవాటిని ముందే మూయాలి. చుక్కలు వేసిన రోజు కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి మీద ఒక్కరే వెళ్లొద్దు. కన్నీళ్లు ఏమాత్రం ఊరుతున్నాయో కాగితపు పట్టీతో చూస్తారు. పొడి కళ్లు ఉంటే ముందు దానికి వైద్యం.

వయసు 18 దాటాలి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. పాత చీటీలు తీసుకెళ్లండి, పవర్ ఆగిందో లేదో అవే చెబుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. ఆ సమయంలో పవర్ నిలకడగా ఉండదు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ బిళ్లలు మింగుతుంటే దాచకుండా చెప్పండి, అవి కళ్లను ఎండబెడతాయి. కీళ్లవాతం లాంటి జబ్బులు, అదుపులో లేని షుగర్, కంటికి ఎప్పుడైనా హెర్పిస్ వచ్చి ఉండటం కూడా చెప్పాల్సినవే. నలభై దాటినవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి: దూరపు సైట్ పోయినా పేపర్ చదవడానికి దగ్గరి అద్దాలు వస్తాయి. అది వయసుతో వచ్చేది, ఈ లేజర్ దాన్ని ఆపదు.

డాక్టర్ మీకు పడదంటే ఇంకో ఆసుపత్రిలో "చేస్తాం" అన్నారని పరుగెత్తకండి. రెండో అభిప్రాయం తీసుకోవచ్చు, కానీ పటం, మందం కాగితాలు చేతిలో పెట్టుకుని "ఎందుకు పడదన్నారు, మీరెందుకు పడుతుందంటున్నారు" అని అడిగి తీసుకోండి. కార్నియా సరిపోనివాళ్లకు కంటి లోపల పెట్టే ఐసీఎల్ లెన్సు ఒక దారి. అద్దాలు పెట్టుకోవడం కూడా దారే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇది ముఖ్యంగా పెళ్లి సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రులకు చెబుతున్నాను. "బిడ్డకు మంచి సంబంధమొచ్చింది సార్, పెండ్లి లోపల అద్దాలు తీసెయ్యాలె" అని వస్తారు, పెళ్లి మూడు వారాల్లో ఉంటుంది. పసుపు, నలుగు, తలంటు, కాటుక, తలంబ్రాలు, వీడియో లైట్లు, హోమం పొగ, ఇవన్నీ కొత్తగా కోసిన కంటికి శత్రువులే. చేయించుకోవాలని అమ్మాయికి ఉంటే పెళ్లికి రెండు మూడు నెలల ముందే కావాలి. ఆమెకు ఇష్టం లేకపోతే ఎవరి మెప్పు కోసమూ చేయించొద్దు. కన్ను ఆమెది.

ఉద్యోగాల కోసమైతే ముందు నోటిఫికేషన్‌లో కంటి నిబంధన చదవండి. కాజీపేట రైల్వే ఊరు కాబట్టి ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక అసిస్టెంట్ లోకో పైలట్ అభ్యర్థి ఉంటాడు. ఆ పోస్టుకు అద్దాల్లేకుండా 6/6 చూపు అడుగుతారు, లాసిక్ చేయించుకున్నవాళ్లను అసలు తీసుకోరు. సైట్ తీయించుకుని తలుపు మూసుకున్నట్టే అవుతుంది. ఆర్మీ ఆఫీసర్ ఎంట్రీల్లో 20 ఏళ్లు దాటాక చేయించుకోవాలి, ఆపరేషన్ జరిగి ఏడాది నిండాలి వంటి షరతులతో ఒప్పుకుంటారు. కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లు మూత ఉండే లాసిక్ కాకుండా వేరే పద్ధతి అడగండి. గట్టి దెబ్బ తగిలితే ఏళ్ల తర్వాత కూడా మూత కదలవచ్చు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. పద్ధతిని బట్టి పదుల వేల నుంచి లక్ష దాటే దాకా ఉంటుంది. ఆరోగ్య బీమా ఉంది కదా అనుకోవద్దు, పవర్ 7.5 కంటే తక్కువుంటే పాలసీల్లో ఈ ఖర్చు మినహాయింపుల కిందే రాసి ఉంటుంది.

ఇక ఏ కాలంలో? ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దిగే నెలల్లో యార్డులో పనిచేసే హమాలీలు, కమీషన్ దుకాణాలవాళ్లు, కల్లంలో మిర్చి ఆరబోసే రైతులు లేజర్ జోలికి వెళ్లొద్దు. సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఘాటు గాలిలోనే ఉంటుంది. ఎర్రబడిన కన్ను నలుపుకోకుండా ఉండటం మనిషి తరం కాదు. జిన్నింగ్ మిల్లులో పత్తి నూగు, కరీంనగర్ గ్రానైట్ పొడి, భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు దుమ్ము, వరి కోత మిషన్ పొట్టు, ఎవరి పనిలో ఏది ఎక్కువో వాళ్లకే తెలుసు. ఆ పని కాస్త సద్దుమణిగే నెల చూసుకోండి. మేడారం జాతర ఏడాదైతే జాతర, హోలీ రెండూ దాటనివ్వండి. వానాకాలంలో దుమ్ము తగ్గుతుంది కానీ కండ్లకలక లేస్తుంది. 2023 జులై, ఆగస్టుల్లో రాష్ట్రమంతా ఎలా పాకిందో చూశాం. ఇంట్లో ఒకరికి వచ్చినా తేదీ మార్చుకోండి. మే నెలలో పీఆర్‌కే చేయించుకుంటే ఎండ పెద్ద సమస్య. అతినీలలోహిత కిరణాలకు కార్నియా మీద మసక పట్టవచ్చు. రామగుండం ఎండల్లో మంచి చలువ అద్దాలు లేకుండా గడప దాటొద్దు.

ఆపరేషన్ రోజు తలస్నానం ముందే చేయండి, తలకు నూనె, ఒంటికి సెంటు, కంటికి కాటుక వద్దు. సెంటు ఆవిరి లేజర్‌కు అడ్డం. మెడ మీదుగా తీసే బట్టలు కాకుండా ముందు గుండీలున్నవి వేసుకోండి. ఇంజెక్షన్ ఉండదు, చుక్కలతోనే తిమ్మిరి వస్తుంది. లాసిక్‌లో కంటిని ఒక రింగు పట్టుకున్నప్పుడు కొన్ని సెకన్లు అంతా చీకటవుతుంది. భయపడొద్దు, అది మామూలే. తర్వాత వెలిగే దీపం వంకే చూడమంటారు. టకటకమనే శబ్దం, వెంట్రుక కాలినట్టు వాసన వస్తాయి. కన్ను కదిలితే దాన్ని వెంబడించే ఏర్పాటు మిషన్‌లో ఉంటుంది, మరీ కదిలితే లేజర్ ఆగిపోతుంది.

బయటికొచ్చాక మూడు నాలుగు గంటలు మంట, నీళ్లు, ఇసుక పడ్డట్టు గుచ్చుకోవడం. ఇచ్చిన చుక్కలేసుకుని పడుకోవడమే మందు. మర్నాడు చూపించుకోవాలి కాబట్టి హైదరాబాద్‌లో చేయించుకున్నవాళ్లు అదే రాత్రి వరంగల్ బస్సెక్కకుండా అక్కడే ఉండండి. లాసిక్, స్మైల్‌లో మర్నాటికే చూపు చాలావరకు వస్తుంది. పీఆర్‌కేలో రెండు మూడు రోజులు గట్టి నొప్పి ఉంటుంది, నాలుగైదు రోజులు రక్షణ లెన్సు ఉంచుతారు, చూపు వారాల మీద తేరుకుంటుంది. పక్కింటివాళ్లకు ఒక్క రోజులో వచ్చిందని టెన్షన్ పడొద్దు.

మొదటి వారం కంట్లో నీళ్లు పడకూడదు. తల స్నానం కావాలంటే వెనక్కి వాల్చి ఇంకొకరు పోయాలి, ముఖం తడిగుడ్డతో తుడుచుకోవాలి. రాత్రిళ్లు కంటి కవచం పెట్టుకుని పడుకోండి. నిద్రలో నలుపుకుంటే మూత జరుగుతుంది. చెరువు, బావి ఈత నెల దాకా వద్దు. చలువ చేస్తుందని పసరు పిండటం, చనుబాలు వేయడం, నందివర్ధనం పూలు అద్దడం పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కానీ కోసిన కంట్లో క్రిములు చేరడానికి అది చాలు. స్టెరాయిడ్ చుక్కలు డాక్టర్ రాసినన్ని రోజులే. కన్ను ఎర్రబడ్డప్పుడల్లా మెడికల్ షాపులో అదే సీసా కొనుక్కుని నెలలు వాడేవాళ్లున్నారు. కంటి ఒత్తిడి చప్పుడు లేకుండా పెరిగి నరం దెబ్బతింటుంది, ఆ పోయిన చూపు తిరిగి రాదు. కన్నీటి చుక్కలు మాత్రం కొన్ని నెలలు పడతాయి. ఎదురు బండి లైట్ల చుట్టూ వలయాలు కనబడటం చాలామందికి మొదట్లో ఉంటుంది. అది తగ్గేదాకా హైదరాబాద్ హైవే మీద రాత్రి డ్రైవింగ్ మానుకోండి.

నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా, చూపు వచ్చి మళ్లీ మసకబారినా, చీము కారినా, కంటికి దెబ్బ తగిలినా తెల్లారేదాకా ఆగొద్దు. చేసిన ఆసుపత్రి దూరమైతే వరంగల్‌లోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికైనా వెళ్లి, లేజర్ జరిగిందని మొదటి మాటగానే చెప్పండి. నెలల తర్వాతైనా మెరుపులు, నల్ల చుక్కలు, పరదా పడ్డట్టు నీడ కనిపిస్తే అది రెటీనా గొడవ కావచ్చు. సైట్ తీసేసినా మైనస్ కన్ను లోపల మైనస్ కన్నే.

చివరగా ఫైలు. ఆపరేషన్‌కు ముందున్న పవర్, కార్నియా వంపు, మందం, పటం, తర్వాత మిగిలిన మందం, ఈ కాగితాలన్నీ అడిగి తీసుకుని ఫోన్‌లోనూ ఫొటో పెట్టుకోండి. అరవై ఏళ్లప్పుడు శుక్లం వస్తే లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కకు అవి కావాలి, లేకపోతే లెక్క తప్పే ప్రమాదముంది. పలుచబడిన కార్నియా మీద కంటి ఒత్తిడి అసలు కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి గ్లాకోమా (కంటి ఒత్తిడితో నరం దెబ్బతినే జబ్బు) పరీక్ష చేసేవాళ్లకూ ఆ ఫైలు చూపించాలి.