యాంటీడిప్రెసెంట్ మాత్రను మెల్లగా మానుకునేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

డిప్రెషన్‌కో ఆందోళనకో నెలల తరబడి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటి మందులు వాడి కోలుకున్నవారు ఇక వాటిని మానాలనుకోవడం సహజం. అయితే మందుకు అలవాటుపడిన మెదడు మళ్లీ సర్దుకోవడానికి వ్యవధి కావాలి కనుక, మాత్రను ఒక్కసారిగా ఆపేయకూడదు. విజయవాడ సూర్యారావుపేటలో కానీ గుంటూరు కొత్తపేటలో కానీ మీకు మందు రాసిన వైద్యుల దగ్గరికే వెళ్లి, ఏ వారం నుంచి ఎంత డోసు వేసుకోవాలో చీటీ మీద స్పష్టంగా రాయించుకోండి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో స్ట్రిప్పులు కొంటూ సొంతంగా తగ్గించుకోవడం వల్ల, ఇబ్బంది వచ్చిన రోజున ఎవరిని అడగాలో తెలియని పరిస్థితి వస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నదీ ముఖ్యమే. ఇంట్లో పెళ్లి పనులు, పిల్లల పరీక్షలు, ఉద్యోగంలో మార్పు ఉన్న నెలల్లో వద్దు. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు తల తిరిగితే అది వడదెబ్బో, డోసు తగ్గించినందువల్ల వచ్చిందో తేల్చుకోవడం కష్టం కాబట్టి, వీలైతే ఎండలు తగ్గాక మొదలుపెట్టడం నయమని నా అభిప్రాయం.

డోసు తగ్గిన కొద్ది రోజుల్లోనే తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, చిత్రవిచిత్రమైన కలలు, చిరాకు, ఊరికే ఏడుపు రావడం, కళ్లు పక్కకు తిప్పినప్పుడు తలలో కరెంటు షాకు తగిలినట్లు జివ్వుమనడం వంటివి కనిపించవచ్చు. ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోయే పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇవి ఎక్కువ; రోజుల తరబడి నిలిచే ఫ్లూక్సెటిన్‌తో తక్కువ, వచ్చినా ఆలస్యంగా వస్తాయి. చాలామంది వీటిని చూసి పాత జబ్బు తిరగబెట్టిందని బెంబేలెత్తిపోతారు. జబ్బు తిరగబెట్టడం సాధారణంగా వారాలు, నెలలు గడిచాక, కొద్దికొద్దిగా, పాత దిగులు రూపంలోనే వస్తుంది. తల తిరగడం, షాకులు వంటి కొత్త లక్షణాలు డోసు మార్చిన కొద్ది రోజులకే వచ్చి, పాత డోసు మళ్లీ వేసుకోగానే త్వరగా తగ్గితే, అవి మందు తగ్గించినందువల్ల వచ్చినవే అయ్యే అవకాశం ఎక్కువ. ఈ తేడా తెలియడానికే ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, డోసు, నిద్రపోయిన గంటలు, ఆ రోజు పడ్డ ఇబ్బంది ఒక్కో వరుసలో రాస్తే చాలు. వైద్యులు ఆ పేజీ చూసిన నిమిషంలో విషయం గ్రహిస్తారు.

అసలు కష్టమంతా చివరి మెట్లలో ఉంటుంది. మామూలుగా రాసే కనీస డోసుకే మెదడులో సెరోటోనిన్‌ను (మనోభావాలతో సంబంధమున్న రసాయనాన్ని) తిరిగి పీల్చుకునే ట్రాన్స్‌పోర్టర్లు అనే ప్రొటీన్లలో దాదాపు 80 శాతాన్ని ఈ మందులు ఆక్రమిస్తాయని, మెదడును చిత్రం తీసి చూసే పెట్ స్కాన్ పరిశోధనలు చూపాయి. అందువల్ల ఎస్సిటాలోప్రామ్‌ను 20 మిల్లీగ్రాముల నుంచి 10కి దించినప్పుడు మెదడుకు తెలిసే మార్పు కొద్దిపాటిదే కాగా, 5 నుంచి సున్నాకు దిగడం చాలా పెద్ద గెంతు అవుతుంది. 5 మిల్లీగ్రాములంటే ఎంతో కొంచెమే కదా అని అక్కడ ఆపేసినవారే ఎక్కువ బాధపడతారు. ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు నిలవడం, కింది మెట్లను ఇంకా చిన్నవిగా చేసుకోవడం గురించి వైద్యులతో మాట్లాడండి. ఏళ్ల తరబడి వాడినవారికి ఇది నెలల పని.

మాత్రను సగం చేయాలంటే వైద్యుల అనుమతితో, మెడికల్ షాపులో దొరికే పిల్ కట్టర్‌లో మధ్య గీతను బ్లేడుకు సరిగ్గా ఆనించి ఒక్క నొక్కుతో కోయండి. కత్తిపీటతో కోస్తే పొడి రాలి రెండు ముక్కలూ సమానంగా రావు. పేరు పక్కన ఈఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్న (మందును మెల్లగా విడుదల చేసే) మాత్రలను, డులాక్సెటిన్ క్యాప్సూళ్లను కోయడం, నలపడం చేయకూడదు. రోజు విడిచి రోజు వేసుకోవడమూ మంచి పద్ధతి కాదు. ఒంట్లో మందు మోతాదు పడుతూ లేస్తూ ఉండి బాధ పెరుగుతుంది.

లక్షణాలు భరించగలిగేవిగా ఉంటే అదే డోసు మీద ఇంకొన్ని వారాలు ఆగండి. భరించలేకపోతే ముందటి డోసుకు వెళ్లే విషయం వైద్యులను అడగండి. తల తిరుగుతున్న రోజుల్లో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోకి బండి తీయకండి. మద్యం వద్దు. ఒళ్లు నొప్పులకు ట్రమడాల్ వంటి మాత్రలు సొంతంగా వేసుకోకండి, వాటికి ఈ మందులతో పొసగదు. వేళకు భోజనం, మజ్జిగ, సాయంత్రం కాస్త నడక బాగా సాయపడతాయి. ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచితే, మీ చిరాకును వారు తప్పుగా అర్థం చేసుకోరు.

ఆత్మహత్య ఆలోచనలు వచ్చినా, నిద్ర అవసరం లేనంత హుషారు వచ్చినా, కాలు నిలవనీయని అశాంతి పట్టినా ఆ రోజే వైద్యులను కలవండి, లేదా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చివరి మాత్ర వేసుకున్న తరువాత కూడా కొన్ని నెలల వరకు వైద్యులకు చూపించుకుంటూ, నోటుపుస్తకంలో రాస్తూ ఉండండి.