రూమ్మేటు మీ ఉత్తరాలు, చెక్కులు కాజేస్తే ఏం చేయాలి?

అమెరికాలో నలుగురైదుగురు కలిసి అద్దెకుండే మన విద్యార్థుల ఇళ్లలో ఈ వ్యవహారం చాలాసార్లు చూశాను. నా దాకా వచ్చేసరికి రెండు మూడు నెలలు గడిచిపోయి ఉంటాయి. "మనవాడే కదా, అడిగితే ఇచ్చేస్తాడు" అనుకుంటూ ఆ నెలలన్నీ పోగొట్టుకుంటారు. దయచేసి అలా చేయకండి.

1. తేలిక పనులు ఒక్క పూటలో ముగించండి. పోస్టల్ సర్వీసు వారి ఇన్‌ఫార్మ్డ్ డెలివరీలో చేరండి, ఉచితమే. రాబోయే ఉత్తరాల కవర్ల ఫొటోలు మీ ఈమెయిల్‌కు వస్తాయి. ఫొటో వచ్చి ఉత్తరం రాకపోతే ఆ తేదీ రాసిపెట్టుకోండి. పోస్టాఫీసులో ఒక పెట్టె అద్దెకు తీసుకోండి. ఇంటి మెయిల్‌బాక్సు తాళం మార్పించడం దండగ. లీజులో పేరున్నవాడికి కొత్త తాళంచెవి కూడా అందుతుంది. అప్పుల చరిత్ర నమోదు చేసే ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడు సంస్థల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి, అంటే మీ పేరిట వేరొకరు కొత్త అప్పులు, కార్డులు తీసుకోకుండా అడ్డుకట్ట వేయించండి.

2. బ్యాంకు. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, బ్రాంచికి వెళ్లండి. చెక్కు ముందు, వెనుక రెండు వైపుల ప్రతులూ అడిగి తీసుకోండి. ఒకమ్మాయి జీతం చెక్కు వెనుక చూస్తే, ఇంటిపేరు పూర్తిగా, పాస్‌పోర్టులో ఉన్నట్టే ముందు రాసి ఉంది. ఆమె ఎప్పుడూ ఇంటిపేరుకు పొడి అక్షరమే పెడుతుంది. ఆ వెనుక వైపు చూడకపోయి ఉంటే మాకు ఆధారమే ఉండేది కాదు.

తరువాత, మోసం ఏ రకమో తేల్చుకోండి. మీ చెక్కుబుక్కులోని చెక్కుపై మీ సంతకం ఫోర్జరీ చేస్తే, అడగవలసింది మీ బ్యాంకునే. మీ పేరిట వచ్చిన చెక్కును దొంగిలించి వెనుక దొంగసంతకం పెడితే, మొదట చెక్కు ఇచ్చినవారికి చెప్పాలి. వాళ్లు తమ బ్యాంకుకు ఫిర్యాదు చేస్తారు, వెనుక సంతకం మీది కాదని మీరు అఫిడవిట్ ఇస్తారు. ఈ తేడా తెలియక వారాల తరబడి తప్పు కౌంటర్ దగ్గర నిలబడినవాళ్లున్నారు.

అఫిడవిట్‌లో మీరు రాయని చెక్కులే చేర్చండి. మరిచిపోయి మీరే రాసిన అద్దె చెక్కు ఒక్కటి చేరినా మిగతావాటినీ అనుమానిస్తారు. నోటరీ కావాలంటే నోటరీ ఎదుటే సంతకం చేయండి. ఎవరిపై అనుమానం అని అడిగితే రూమ్మేటు పేరు దాచకండి. గడువు మరువకండి: చాలా రాష్ట్రాల్లో, స్టేట్‌మెంట్ అందాక 30 రోజుల్లోగా చెప్పకపోతే, అదే వ్యక్తి ఆ తరువాత చేసిన ఫోర్జరీలకు బ్యాంకు బాధ్యత తప్పించుకోవచ్చు. ఒప్పందంలో మీ బ్యాంకు అంతకంటే తక్కువ గడువు పెట్టి ఉండవచ్చు. స్టాప్ పేమెంట్‌తో, అంటే ఆ చెక్కుకు చెల్లింపు ఆపించడంతో సరిపెట్టుకోకండి, ఖాతా మూసి కొత్తది తెరవండి.

ఇంకొక్క మాట. ఊళ్లో పెద్దమనుషుల్లా స్నేహితులు కూర్చుని "సగం ఇస్తాడట, వదిలేయ్" అంటారు. ఆ సగం పుచ్చుకుని "సరే" అని మెసేజ్ పెడితే, సంతకానికి మీరే సమ్మతించారని బ్యాంకు వాదించవచ్చు. అఫిడవిట్ ఇచ్చేదాకా రూమ్మేటుతో ఈ విషయం ఎత్తనే ఎత్తకండి. రాజీ పేరుతో డబ్బూ కేసూ రెండూ పోయినవాళ్లను చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

3. చెక్కు ప్రతులతో పోలీసు రిపోర్టు ఇవ్వండి, నంబరు తీసుకోండి. తపాలా నేరాలను దర్యాప్తు చేసే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీసుకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఉత్తరాల దొంగతనం ఫెడరల్ నేరం, 5 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. మీ పేరిట ఖాతాలు తెరిచినట్టు తెలిస్తే ఐడెంటిటీథెఫ్ట్ డాట్ గవ్‌లోనూ నమోదు చేయండి.

4. ఇల్లు మారండి. ఎఫ్-1 విద్యార్థి వీసాపై ఉంటే కొత్త చిరునామా 10 రోజుల్లోగా మీ డీఎస్ఓకు, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే మీ కాలేజీ అధికారికి తెలపాలి. ఉద్యోగం చేయడానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు కోసం దరఖాస్తు చేసి ఉంటే, అది పాత ఇంటి మెయిల్‌బాక్సులో పడకముందే ఇమిగ్రేషన్ వారి దగ్గర కూడా చిరునామా మార్పించండి.