పెంబ్రోక్‌షైర్ తీర బాటలో అక్టోబరు నడక: జాగ్రత్తలు

వేల్స్ నైరుతి తీరంలో సెయింట్ డాగ్‌మేల్స్ నుంచి ఆమ్‌రాత్ దాకా 186 మైళ్లు సాగే పెంబ్రోక్‌షైర్ తీర బాటలో, వేసవి రద్దీ తగ్గిన తరువాత నడవాలనుకునే కార్డిఫ్, స్వాన్సీ తెలుగు విద్యార్థులు ముందుగా అంచు గురించి తెలుసుకోవాలి. బాట చాలాచోట్ల కొండచరియను ఆనుకునే పోతుంది, సముద్రం వైపు కంచె ఉండదు. కాలి కింద పచ్చగా, గట్టిగా కనిపించే గడ్డి అడుగున మట్టి ఎప్పుడో జారిపోయి ఉండవచ్చు, పైన నిలుచున్నవారికి ఆ సంగతి తెలియదు. అంచుకు సమాంతరంగా సన్నని పగులు కనిపిస్తే వెంటనే లోపలికి జరగాలి. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయడం ఎక్కడైనా తప్పే, ఇక్కడ ప్రాణాంతకం. నేల వైపు నుంచి సముద్రం మీదికి ఈదురుగాలి వీచే రోజున, వీపున పెద్ద సంచి ఉన్నవారు ప్రయాణం మానుకోవడమే మేలు.

డేల్ సమీపంలోని గాన్ వద్ద, శాండీ హేవెన్ వద్ద బాట నీటిపాయను దాటుతుంది. పోటు వచ్చినప్పుడు ఆ దారులు మునిగిపోతాయి, మైళ్ల కొద్దీ చుట్టు తిరగాలి. ఆటుపోట్ల సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క నేడు పనికిరాదు. ఆటుపోట్ల పట్టిక గ్రీనిచ్ కాలమానంలో ఉంటే, అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు మార్చేవరకు దానికి గంట కలపాలి. ఆ తరువాత సాయంత్రం త్వరగా చీకటి పడుతుంది, శీతాకాలంలో తీరపు బస్సులూ తగ్గుతాయి; తిరుగు బస్సు సమయం చూసుకున్నాకే బయలుదేరాలి.

కాసిల్‌మార్టిన్ వద్ద సైన్యం కాల్పుల సాధన చేస్తుంది. ఎర్రజెండా ఎగురుతుంటే అటు అడుగు పెట్టకూడదు.

శరత్కాలంలో సీల్ అనే సముద్ర జంతువులు రాళ్ల తీరాల్లో పిల్లల్ని పెడతాయి. తెల్లటి పిల్ల ఒంటరిగా కనిపించినా కిందికి దిగవద్దు. మనిషి అలికిడికి తల్లి దాన్ని వదిలి పోవచ్చు.

ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి కాగితపు మ్యాపు తీసుకువెళ్లాలి, ఎటు వెళ్తున్నదీ ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఒకరికి చెప్పి ఉంచాలి. ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి. వెంట తెచ్చిన కుక్క చరియ మీదినుంచి జారినా యజమాని దాని వెనుక దిగకూడదు; అప్పుడు కూడా పిలవవలసింది కోస్ట్‌గార్డ్‌నే.