మూడో రోజు రాసిన వాక్యం

పెద్ద కష్టమేమీ లేదు. ఉద్యోగం ఉంది, ఆరోగ్యం ఉంది. అయినా రెండేళ్లుగా ఉన్నచోటే ఉండిపోయానన్న దిగులు. ఎవరికైనా చెప్పుకుందామంటే దానికి పేరే లేదు. అదే ఎక్కువ బాధించింది.

అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగం గురించి చదివాను. విద్యార్థులు రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా 4 రోజులు మనసులోని బాధను కాగితం మీద పెట్టారు. నేనూ తలుపు వేసుకుని కూర్చున్నాను.

మొదటి రెండు రోజులూ అన్నీ ఫిర్యాదులే. రాశాక మనసు తేలికపడకపోగా మరింత బరువెక్కింది. (ఆ ప్రయోగంలోనూ రాసిన వెంటనే అలాగే అనిపించిందట, కాబట్టి భయపడి మానేయకండి.) మూడో రోజు కలం ఒకచోట ఆగిపోయింది: ‘పని నచ్చక కాదు, కొత్తది నేర్చుకోవడం మానేశాను.’ దాని కింద గీత గీసి, సిరా ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను.

నిద్ర, ఆకలి కూడా దెబ్బతింటే మాత్రం కాగితంతో సరిపెట్టుకోకుండా వైద్యులను కలవాలి. నాకు అంతదాకా రాలేదు. నాలుగో రోజు ఒకే ఒక్క పని రాసుకున్నాను: సగంలో వదిలేసిన గణాంకశాస్త్రం పుస్తకం మళ్లీ తెరవడం. ఆ రాత్రే తెరిచాను. ఇప్పుడు పదకొండో అధ్యాయంలో ఉన్నాను.