సిగరెట్ యావను నడకతో దాటడం ఎలా?

కర్నూలు ఔట్‌డోర్ స్టేడియంలో పొద్దున్నే నాలుగు రౌండ్లు కొట్టడం, బయటికి రాగానే టీతో సిగరెట్ ముట్టించడం. కొన్నేళ్లు నాదీ ఇదే వరస. తాగినదానికి, నడిచినదానికి చెల్లు అనుకునేవాణ్ణి. అలా చెల్లు కాదు. ఎంత నడిచినా పొగ చేసిన చెడు పోదు.

నడక చేసే మేలు వేరే. పది నిమిషాలు వేగంగా నడిస్తే, నడుస్తున్నంతసేపూ, ఆపాక ఇంకాసేపూ సిగరెట్ మీది యావ తగ్గుతుందని చాలా పరిశోధనల్లో తేలింది. అయితే వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు 2019లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, మాన్పించే సాయానికి వ్యాయామం జతచేసినంత మాత్రాన ఆర్నెల్ల తర్వాత కూడా మానేసి ఉన్నవాళ్లు పెరిగినట్టు ఆధారం దొరకలేదు. అందుకే నేను చెప్పేది ఒకటే: నోరు పీకే ఆ కాసేపటి కోసం నడకను వాడుకోండి.

1. మూడు రోజులు లెక్క రాయండి. తగ్గించొద్దు. ఎప్పుడు తాగారో, దానికి ముందు ఏం చేశారో ఫోన్‌లో రాసుకోండి, చాలు.

2. ఒక్క సిగరెట్‌ను ఎంచుకోండి. మన దగ్గర ఉగ్గాని బజ్జీ, దాని వెనక టీ, టీ వెనక సిగరెట్ ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. టీ గ్లాసు కింద పెట్టగానే లేచి నడవండి. 'తాగను' అని ఒట్టు పెట్టుకోవద్దు, 'పది నిమిషాలు నడిచాక చూద్దాం' అనుకోండి. చాలాసార్లు ఆలోపే యావ దిగిపోతుంది.

పెట్టె, లైటర్ ఇంట్లోనే వదిలేయండి. జేబులో డబ్బులు లేకపోతే సరిపోతుందనుకుంటాం గానీ ఫోన్‌పే ఉన్నాక అది ఏ మూలకు? ఫోన్ కూడా పెట్టేసి పోవడం మేలు. దారి విషయంలోనూ జాగ్రత్త. కొండారెడ్డి బురుజు వైపు పోతే అడుగడుక్కీ టీ బంకులే. ఇళ్ల మధ్య సందులు నయం. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి: అంత వేగం చాలు.

3. బయటికి పోలేని వేళ మెట్లెక్కి దిగండి. మేలో మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కాబట్టి మధ్యాహ్నం ఇంట్లోనే అటూ ఇటూ నడవండి. ఆఫీసులో సీటు వదలడానికి లేకపోతే, పిడికిళ్లు, తొడలు బిగించి కాసేపు పట్టి వదలండి. కూర్చుని చేసే ఇలాంటి వ్యాయామం కూడా యావను కొంత తగ్గిస్తుంది. ఎవరైనా చూస్తే ఏదో టెన్షన్‌లో ఉన్నాడనుకుంటారు, అనుకోనీండి.

4. వారానికొకటి చొప్పున తీసేస్తూ, పూర్తిగా మానే రోజు పెట్టుకోండి. ఒంట్లో నికోటిన్ సుమారు రెండు గంటలకు సగానికి పడిపోతుంది. అందుకే మాటిమాటికీ చెయ్యి జేబులోకి పోతుంది. మానాక మొదటి మూడు రోజులు గట్టివి. చిరాకు, నిద్ర పట్టకపోవడం రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. ఆ రోజుల్లో ఒకేసారి గంట నడిచే బదులు, పది నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు నడవండి. మానినవాళ్లు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. దానికీ ఈ నడక పనికొస్తుంది.

గుండె జబ్బు ఉన్నా, నడిస్తే ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా ముందు డాక్టరుకు చూపించుకోండి. మానడానికి సలహా కావాలంటే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356 ఉంది.

నాకు ముందుగా పోయింది ఉగ్గాని తర్వాతి సిగరెట్టే. చివరిదాకా వేలాడింది పొద్దున బాత్రూంకు పోయే ముందు తాగేది. ఆ వేళలో ఎక్కడికని నడుస్తాం? దానికి డాక్టరు చెప్పిన నికోటిన్ గమ్మే పనిచేసింది.